తాళం వేసిన తూకం

లెక్కలంటే భయపడి నర్సింగులో చేరినవాణ్ణి నేను. ఈ ముక్క ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువు.

ఇంటర్మీడియట్‌లో నేను లెక్కలు తీసుకున్నాను గానీ లెక్కలు నన్ను తీసుకోలేదు. మాది పూతలపట్టు దగ్గర పల్లె. మామిడికాయల కాలంలో మా నాయన నన్ను మండీకి వెంటబెట్టుకుపోయాడు. అక్కడ కాయలు తూచాక వ్యాపారి 'తరుగు' పేరుతో కొంత తూకం కొట్టేస్తాడు. కుళ్ళినవి, నలిగినవి పోతాయని ముందే తీసేసే కోత అది. చదువుకున్న కొడుకు పక్కనుంటే ఆ కోతలో మోసం పట్టుకుంటాడని నాయన ఆశ. నేను కాగితం మీద శ్రద్ధగా తీసివేత చేసి చూపించాను. వ్యాపారి కొట్టేసినదానికంటే నేను కొట్టేసిందే ఎక్కువ.

"ఒరే నాయనా, నీకంటే వాడే మేలు గదరా," అన్నాడు నాయన. వ్యాపారి నన్ను మెచ్చుకుని ఒక కాయ చేతిలో పెట్టాడు. ఆ కాయ తింటూనే, లెక్కలు లేని బతుకుదారి ఏదైనా ఉంటే దాంట్లో పడాలని నిశ్చయించుకున్నాను. సూదిమందు వేసే పనిలో లెక్కలెందుకుంటాయి? గుచ్చడమేగా! అదీ నా తెలివి.

తొంభైల మధ్యలో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పిల్లల వార్డులో వేశారు. ఆ రోజుల్లో మగ నర్సు అంటే జనానికి ఎలా పిలవాలో తెలిసేది కాదు. కొందరు 'కాంపౌండర్' అనేవారు, కొందరు 'బ్రదర్', ఒక పెద్దమ్మ అయితే ఏ చిక్కూ లేకుండా 'సిస్టరన్నా' అని పిలిచేది. పిలుపుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా కిలోలతోనే వచ్చింది.

పెద్దవాళ్ళ వార్డులో చాలా మందులకు ఒక ఆంపూలు అంటే ఒక ఆంపూలే. పిల్లల వార్డులో అలా కుదరదు. డాక్టరు "కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు" అని రాస్తారు. బిడ్డ ఎన్ని కిలోలుందో దానితో హెచ్చవేయాలి. ఆంపూలులో ఒక్కో మిల్లీలీటరుకు ఎంత మందుందో దానితో భాగించాలి. సెలైన్‌లో కలిపితే, ఎంతసేపట్లో పోవాలో చూసి నిమిషానికి ఎన్ని చుక్కలో తేల్చాలి. నేను పారిపోయి వచ్చిన చోటే నాకోసం పెద్ద గుమ్మం తెరుచుకుని ఉందన్నమాట.

కొన్నాళ్ళు తప్పించుకున్నాను. లెక్క వచ్చినప్పుడల్లా పక్క మంచం దగ్గరున్న సిస్టర్ దగ్గరికి నవ్వుతూ వెళ్ళి, "మీ చేతిరాత బాగుంటుంది, కాస్త మీరే రాయండి," అనేవాణ్ణి. నెల తిరక్కుండా మా హెడ్ సిస్టర్‌కు అనుమానం వచ్చింది. ఆమెది సత్యవేడు. తమిళం కలిసిన తెలుగు, గట్టి గొంతు, దానికంటే గట్టి నడక.

"తంబీ, ఈ బిడ్డకు చుక్కలెన్ని?" అని అడిగింది ఒక రోజు, అందరి ముందూ.

"సుమారుగా ఇరవై... ఇరవై ఐదు మేడమ్."

"సుమారుగానా? అయితే సుమారుగా బతికిస్తావా బిడ్డను?"

వార్డంతా నవ్వింది. చెవులు కాలిపోయాయి. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ క్యారియరు పట్టుకుని ఆమె బల్ల ముందు కూర్చోవాలని శిక్ష వేసింది. నేను దాన్ని శిక్ష అనుకున్నాను. ఆమెకు దక్కాల్సిన భోజన విశ్రాంతి కూడా దానివల్ల పోయిందని చాలా ఏళ్ళకు గానీ నాకు తట్టలేదు.

ఆమె సూత్రాలు చెప్పేది కాదు. పానకంతో మొదలుపెట్టింది.

"చెంబు నీళ్ళలో బెల్లం వేస్తివి. ఎంత వేస్తివో తెలియకుండా గ్లాసులో ఎంత తీపి ఉండాదో చెప్పగలవా?"

"చెప్పలేను మేడమ్."

"అంతే తంబీ. బిడ్డకు ఎంత బెల్లం కావాల? గ్లాసులో ఎంత బెల్లం ఉండాది? అయితే ఎంత గ్లాసు తాగించాల? ఈ మూడే. మందైనా ఇదే, మాయైనా ఇదే."

ఆ మూడు ప్రశ్నలూ పట్టుకుని వేలాడాను. తప్పు చేస్తే ఆమె తిట్టేది కాదు, కాగితం తిప్పి మళ్ళీ ముందు పెట్టేది. దానికంటే తిట్టడమే నయం. సాంబారు మరకలు పడిన కాగితాలు ఎన్ని చించానో! కానీ ఒకటి మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను. ఈసారి పారిపోయేది లేదు. ఇంకా దిగువకు పారిపోవడానికి మరో చదువు కూడా మిగల్లేదు.

వారానికోసారి బస్సులో ఊరికి పోయేవాణ్ణి. దారి పొడవునా ఎదురుగా కనిపించిన ప్రతి మనిషి బరువూ కళ్ళతో అంచనా కట్టి, ఆ మనిషికి ఫలానా మందు పెడితే ఎంత, చుక్కలెన్ని అని మనసులో లెక్క కట్టేవాణ్ణి. ఒకసారి కండక్టరును మరీ తేరిపార చూసినట్టున్నాను.

"ఏందప్పా అట్లా సూస్తా ఉండావు? టికెట్టు తీసుకుంటివి గదా?"

"ఏం లేదన్నా, నీ బరువెంతుంటాది?"

"ఏం, పెండ్లి సంబంధమేమన్నా ఉండాదా?" అన్నాడు. బస్సంతా విని నవ్వింది. నేను మాత్రం అతనికి చుక్కలు తేల్చే పనిలో ఉండి పూతలపట్టు దాటిపోయాను. దిగి వెనక్కి నడిచాను. లెక్క మాత్రం సరిగ్గానే వచ్చింది.

నా అంచనాలు సరిచూసుకోవడానికి బస్టాండులో రంగుదీపాల తూకం మిషను ఒకటి ఉండేది. నాణెం వేస్తే బరువుతో పాటు వెనక జాతకం అచ్చేసిన అట్టముక్క ఇచ్చేది. ఎవరైనా ఎక్కుతుంటే పక్కన నిలబడి ముందే మనసులో ఒక అంకె అనుకునేవాణ్ణి. మా ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లలనైతే చేతులతో ఎత్తి చెప్పేవాణ్ణి. మెల్లగా నా అంచనా కిలో అటూ ఇటూకు వచ్చింది. నా జాతకంలో మాత్రం ఎప్పుడు ఎక్కినా 'త్వరలో పదోన్నతి' అనే ఉండేది. రిటైరయ్యేదాకా ఆ త్వర రాలేదు.

బస్టాండు దాకా ఎందుకు, వార్డులోనే తూకం మిషను లేదా అని మీరడగొచ్చు. ఉంది. ప్లాస్టిక్ తొడుగు కూడా తీయని కొత్త మిషను, సామాన్ల గదిలో తాళం వెనక. తాళంచెవి హెడ్ సిస్టర్ చేతిసంచిలో. ఏటా ఆయుధపూజకు మాత్రం బయటికి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, పూలు చుట్టి, దండం పెట్టి మళ్ళీ లోపల పెట్టేవాళ్ళం.

"బయట పెడితే వచ్చినోడల్లా ఎక్కుతాడు తంబీ. స్ప్రింగు పోతే ఎవరు జవాబు చెప్పేది?" అనేది ఆమె. అందులో అబద్ధం లేదు. సర్కారు సామాను వాడి పాడైతే సంజాయిషీ అడుగుతారు, వాడకుండా పాడైతే ఎవరూ అడగరు. కాబట్టి మా వార్డులో బిడ్డ బరువంటే తల్లిదండ్రులు నోటితో చెప్పిందే. పేరేంది, ఊరేంది, బరువెంత. వాళ్ళకు తెలియకపోతే వయసు చూసి మేమే ఒక అంకె వేసేవాళ్ళం. ఇంత పెద్ద లెక్కకు పునాదిరాయి అలా గాల్లో ఉండేది. అది నాకు అప్పట్లో తోచలేదు. నా భయమంతా హెచ్చవేతల మీదే.

ఆ రోజు మామిడి ముమ్మరంగా దిగుతున్న కాలం. చెల్లెలి కూతురికి చెవులు కుట్టిస్తున్నారని హెడ్ సిస్టర్ సెలవు పెట్టి సత్యవేడు పోయింది. చేతిసంచి కూడా ఆమెతోనే పోయింది.

పొద్దున పలహారాల వేళ దాటాక బంగారుపాళ్యం వైపు నుంచి ఒకాయన పరుగున వచ్చాడు. మామిడి తోటల్లో కాపలా పని. దుప్పటిలో చుట్టిన ఆడబిడ్డ చేతుల మీద ఉంది. ఐదేళ్ళుంటాయి. జ్వరం, ఫిట్సు. దారిలో ఒకసారి వచ్చి ఆగిందట, వార్డు గుమ్మంలో మళ్ళీ మొదలైంది. వెనక ముసలావిడ, బిడ్డ అవ్వ, ఏడుస్తూ గోడకు చేరగిలబడింది.

డ్యూటీ డాక్టరమ్మ వయసులో చిన్నది, హస్తవాసి మంచిది. వయసు చూసి మొదటి సూది తనే వేసింది. ఫిట్సు ఆగాయి. మళ్ళీ రాకుండా ఇంకో మందు ఎక్కించాలి. కిలోకి ఇరవై మిల్లీగ్రాములు, సెలైన్‌లో కలిపి, మెల్లగా. ఎక్కువైతే బీపీ పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. తక్కువైతే ఫిట్సు తిరిగొస్తాయి.

"బరువెంత బ్రదర్?"

నేను తండ్రి వైపు తిరిగాను. "బిడ్డ బరువెంతప్పా?"

"ఇరవై ఆరు కిలోలు సారూ!" టక్కున చెప్పాడు. "బెల్లంతో తూచినాము, దేవుని ముందర. తప్పే పనే లేదు."

అంత కచ్చితంగా బరువు చెప్పిన తండ్రిని నేను అంతవరకూ చూడలేదు. ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఆరు ఇంటూ ఇరవై, ఐదువందల ఇరవై. వంద మిల్లీగ్రాముల ఆంపూళ్ళు, ఐదూ, ఆరోదాంట్లో ఐదో వంతు. రెండోసారి వెనక నుంచి ముందుకు చేసి చూశాను, అంతే వచ్చింది. పక్క సిస్టర్‌ను అడగలేదు, ఎవరి చేతిరాతనూ పొగడలేదు. డాక్టరమ్మ చూసి, "లెక్క కరెక్ట్," అంది. మా నాయన అక్కడుంటే బాగుండు అనిపించింది. మందు సెలైన్‌లో కలిపి సీసా తగిలించాను.

గొట్టం తగిలించే ముందు బిడ్డ కింద గుడ్డ తడిసి ఉందని మార్చబోయాను. దుప్పటి తీసి, రెండు చేతులతో బిడ్డను పైకెత్తాను.

అప్పుడు నా చేతులు ఒప్పుకోలేదు.

ఇరవై ఆరు కిలోల బిడ్డను ఎత్తితే నడుము పలుకుతుంది. ఈ బిడ్డ తేలిగ్గా లేచొచ్చింది. పదహారు, పదిహేడుకు మించదు. బస్సులో కనిపించినవాళ్ళందరినీ కళ్ళతో తూచిన పెద్దమనిషిని, ఎదురుగా ఉన్న బిడ్డను మాత్రం చూడలేదు! అంకె దొరికిన సంతోషంలో అంకెనే చూశాను.

"మేడమ్, ఇది ఇరవై ఆరు కాదు."

"తండ్రి అంత గట్టిగా చెబుతున్నాడు కదా?"

"చెబుతున్నాడు. నా చేతులు కాదంటున్నాయి."

తండ్రికి కోపం వచ్చింది. "దేవునికాడ తూచిన తూకాన్ని అబద్ధమంటావా సారూ? నేనేమన్నా మండీ యాపారినా?"

డాక్టరమ్మ బిడ్డను చూసింది, సీసాను చూసింది. "బ్రదర్, మళ్ళీ ఫిట్సు వస్తే కష్టం. ఆలస్యం చేయలేం. నీ చేతులు చెప్పిన బరువుకు వేద్దామా?"

బస్సులో తప్పితే రెండు మైళ్ళు వెనక్కి నడిస్తే సరిపోతుంది. ఇక్కడ తప్పితే నడిచి రావడానికి దారి లేదు. నోటి మాటకు బదులు చేతి మాట. రెండూ సుమారే. 'సుమారుగా బతికిస్తావా' అన్న గొంతు చెవిలో మోగింది.

"వద్దు మేడమ్. తూచి వేద్దాం. మిషను తెస్తాను."

"తాళంచెవి?"

"సత్యవేడులో ఉంది."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. "పో. త్వరగా. నేను బిడ్డ దగ్గరే ఉంటా."

ఆక్సిజన్ సిలిండరు తిప్పే ఇనుప స్పానరు తీసుకుని సామాన్ల గదికి పరిగెత్తాను. మొదటి దెబ్బకు తాళం కదల్లేదు, నా మణికట్టు కదిలింది. నేల తుడుస్తున్న ఆయమ్మ చీపురు పడేసి నోటి మీద చెయ్యేసుకుంది.

"ఒరే అబ్బోడా! మేడమ్ వస్తే నిన్ను బతకనిస్తాదా?"

"ముందు బిడ్డ బతకనీ ఆయమ్మా. నా సంగతి తర్వాత."

ఇంకో దెబ్బ, ఇంకోటి. తాళం ఊడి పడింది. ప్లాస్టిక్ తొడుగు మీద పోయిన ఏటి కుంకుమ బొట్లతో సహా మిషను ఎత్తుకొచ్చి మంచం పక్కన దించాను. బిడ్డను ఎత్తుకుని నేనెక్కాను. డాక్టరమ్మ వంగి అంకె చదివింది. బిడ్డను ఆమెకు అందించి ఒక్కణ్ణే ఎక్కాను. మళ్ళీ చదివింది. ఇక తీసివేత. మండీలో మా నాయన ముందు నన్ను నవ్వులపాలు చేసిన ఆ తీసివేతే. ఈసారి తప్పనివ్వలేదు.

పదహారున్నర.

తండ్రి మిషను వైపు అనుమానంగా చూశాడు. "ఇదెట్లప్పా? ఇది చెడిపోయిన మిషనేమో సూడు. బెల్లం నేనే మోసినాను గదా! ఇరవై ఆరు కిలోలు!"

గోడ దగ్గర నుంచి అవ్వ ముక్కు చీదుకుంటూ లేచింది. "ఒరే, ఆ పొద్దు ఇద్దరినీ గదరా కూసోబెట్టింది!"

"ఇద్దరెవరవ్వా?" అన్నాను.

ఆమె తన చీర కుచ్చిళ్ళ వెనక చెయ్యి పెట్టి ఒక బిడ్డను ముందుకు లాగింది. మంచం మీద పడుకున్న మొహమే, నిలబడి నన్ను గుడ్లప్పగించి చూస్తోంది. కవలపిల్లలు!

"మొక్కు ఇద్దరికీ గదప్పా. ఒకదాన్ని ముందర, ఒకదాన్ని ఎనక తూస్తే దేవునికాడ ఎచ్చుతక్కువ అయితాదని, మండీలో తక్కెడ తెచ్చి, ఇద్దరినీ ఒకే తట్టలో కూసోబెట్టినాము. రెండేండ్లాయె. ఈ ఎర్రినాయాలు బెల్లం లెక్క చెప్తా ఉండాడు!"

తండ్రి రెండు చేతులతో తల కొట్టుకున్నాడు. "తూకమెంత అంటే ఆ తూకమే నోటికొచ్చె సారూ. ఇంకో తూకం మేమెప్పుడేసినాము?"

ఆయన్ను ఏమనను? దేవుడి తూకంలో తప్పు లేదు. నా హెచ్చవేతలోనూ తప్పు లేదు. రెండు ఒప్పులు కలిపి ఒక బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేవాళ్ళం.

కలిపిన సీసా తీసి పారబోశాను. కొత్తగా లెక్క కట్టాను. మూడువందల ముప్పై మిల్లీగ్రాములు. డాక్టరమ్మ కూడా వేరే కాగితం మీద కట్టింది, రెండూ కలిశాయి. మెల్లగా ఎక్కించాం. ఆమె గుండె వింటూ కూర్చుంది, నేను నాడి పట్టుకుని చుక్కలు చూస్తూ నిలబడ్డాను. ఫిట్సు తిరిగి రాలేదు. ఎండ తగ్గే వేళకు బిడ్డ కళ్ళు తెరిచి చుట్టూ చూసి, "అవ్వా, నా చెప్పులు యాడ?" అని అడిగింది. అవి చెల్లెలి కాళ్ళకున్నాయి. అక్కడికక్కడే పోట్లాట. ఆ పోట్లాట వింటూ డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను మిషను తొడుగు తుడిచే నెపంతో కిందికి వంగాను.

హెడ్ సిస్టర్ సెలవు నుంచి వచ్చింది. ముందు తాళం చూసింది, తర్వాత నన్ను చూసింది, తర్వాత కుర్చీలో కూర్చుని మెమో రాసింది. సర్కారు ఆస్తికి నష్టం కలిగించినందుకు. సంతకం పెట్టి తీసుకున్నాను. అది అయ్యాక, "ఇరవై ఆరుకు కట్టిన లెక్క చూపించు," అంది. చూపించాను. వేలు పెట్టి ప్రతి వరుసా చదివింది.

"తప్పు లేదు," అంది మెల్లగా. "గ్లాసు సంగతి నేర్పిస్తిని తంబీ. బిడ్డను తూచే సంగతి తాళం వేసి పెట్టుకుంటిని."

తర్వాత ఎవరినీ పిలవకుండా తనే మిషను మోసుకొచ్చి వార్డు గుమ్మం పక్కన పెట్టింది. దాని పైన గోడ మీద సుద్దముక్కతో మూడు ప్రశ్నలు రాసింది. బరువు ఎవరు చెప్పారు? ఎప్పుడు తూచారు? ఒక్కరే ఎక్కారా? కొత్తగా చేరిన సిస్టర్లు మూడో ప్రశ్న చూసి నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చి, తర్వాత కథ చెప్పేవాళ్ళం. సుద్ద చెరిగినప్పుడల్లా ఆమె మళ్ళీ దిద్దేది. స్ప్రింగు మాత్రం ఆమె భయపడినట్టే రెండుసార్లు పోయింది. బాగుచేయించాం. జవాబు ఆమే చెప్పుకుంది.

"మెమో వెనక్కి తీసుకోండి మేడమ్," అని ఒకసారి బతిమాలాను.

"బిడ్డను బతికించింది వేరే. తాళం విరిచింది వేరే. ఇది దాంట్లో కలపొద్దు, తీసెయ్యనూ వద్దు," అంది. లెక్క నేర్పినావిడతో వాదించి ఎవరు గెలుస్తారు?

కొత్తగా నర్సులైనవాళ్ళు మీరు, ఇప్పుడు మీ చేతుల్లో మందు ఎక్కించే పంపులున్నాయి. అంకెలు నొక్కితే అదే హెచ్చవేస్తుంది, అదే భాగిస్తుంది, తేడా వస్తే అరుస్తుంది. నాకు అసూయే. అయినా ఆ పంపు బిడ్డను ఎత్తుకుని చూడదు. మీరు ఇరవై ఆరు అంటే ఇరవై ఆరుకే నిష్ఠగా పనిచేస్తుంది, ఆ రోజు నేను చేసినట్టే. బిడ్డ కింద గుడ్డ తడిసినా తడవకపోయినా ఒకసారి ఎత్తి చూడండి.

ఇక ఆ మెమో మీద నా పగ సంగతి.

కొన్నేళ్ళకు ఒక జూన్ నెలాఖరున హెడ్ సిస్టర్ రిటైరైంది. వార్డులో చిన్న సభ. ఆ కవలల తండ్రి ప్రతి కాపుకూ ఒక తట్ట కాయలు తెచ్చి పడేసేవాడు, ఆ రోజు నా మాట మీద బేనీషా మామిడికాయలు గంపలతో దించాడు. దండలూ ప్రసంగాలూ అయ్యాక నేను మిషను తెచ్చి నడిమధ్యలో పెట్టాను. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంచాను.

"తులాభారం మేడమ్. మీ బరువుకు సరిపడా కాయలు పిల్లలకు పంచుతాం."

"పోడా తంబీ! ఎక్కే పనేముంది? నా బరువు యాభై ఐదు, అందరికీ తెలుసు. అంతకు తూచి పంచండి."

గోడ వైపు చెయ్యి చూపించాను. "ఎవరు చెప్పారు మేడమ్?"

"నేనే."

"ఎప్పుడు తూచారు?"

ఆమె దండ సర్దుకుంది. "అది... పెండ్లికి ముందు."

ఆయమ్మ చీపురు పడేసి మరీ నవ్వింది. నేను గొంతు సవరించుకున్నాను. "ఒక్కరే ఎక్కారా?"

ఆమె నన్ను చూసింది. తాళం చూసిన రోజు చూసినట్టే చూసింది. తర్వాత చెప్పులు విడిచి, దండ తీసి ఆయమ్మ చేతికిచ్చి, నిటారుగా ఎక్కి నిలబడింది. నేను కళ్ళజోడు పెట్టుకుని, తాపీగా వంగి, ముల్లు పూర్తిగా ఆగేదాకా ఆగాను. మెమో తీసుకున్న ఉద్యోగికి నియమాల మీద గౌరవం ఉండాలి కదా.

ఆ అంకె ఇక్కడ రాయను. ఆమె ఇప్పటికీ సత్యవేడులో చల్లగా ఉంది, ఇది చదువుతుంది కూడా. కానీ ఆ రోజు మాత్రం వార్డు చివరి మంచం దాకా వినపడేలా చదివాను. తరుగు కూడా తీయలేదు.